విప్పని డ్యాష్‌బోర్డు

2002 ఎండాకాలం. నంద్యాలలో కోయిలకుంట్ల రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకుని కార్ల ఏసీలు బాగుచేసేవాణ్ణి. అప్పటికి మా వైపు ఏసీ బండ్లు తక్కువే. డాక్టర్లవి, కాంట్రాక్టర్లవి, అహోబిలం, మహానంది తిప్పే బాడుగ బండ్లు. నాకు తెలిసి ఊళ్లో ఆ పని చేసేవాళ్లం ఇద్దరమే. బొమ్మలసత్రంలో సుబ్బన్న, ఇక్కడ నేను. నాకు పని నేర్పింది సుబ్బన్నే.

ఒక మధ్యాహ్నం ఆళ్లగడ్డ ఓబులేసు తన డీజిల్ బండిని షెడ్డు ముందు ఆపాడు. చాలా ఏళ్లు వేరేవాళ్ల జీపు తోలి, అంతకుముందు ఏడాదే ఫైనాన్సులో ఆ పాత ఏసీ బండి కొనుక్కున్నాడు. నంద్యాల స్టేషన్లో దిగిన యాత్రికులను అహోబిలం తీసుకుపోయి తిరిగి దింపడం అతని పని. దిగి, ఏసీ సంగతి ఎత్తకుండా ఒక పాత టైరు మీద కూర్చున్నాడు.

"మాబూ, ఈ బండి అమ్మితే ఎవురన్నా కొంటారా?"

"ఏమైందప్పా?"

అప్పుడు చెప్పాడు. ఏసీ చల్లదనం తగ్గిందని సుబ్బన్న దగ్గరికి పోతే గ్యాస్ నింపాడట. కొన్నాళ్లకే మళ్లీ వేడిగాలి. ఈసారి కంప్రెసర్ సరిగా లేదని దాన్ని విప్పి బిగించాడు. మళ్లీ అదే కథ. చివరికి కూలింగ్ కాయిల్ చిల్లి పడిందని, కొత్తది వేశానని చెప్పాడు. అదీ వారం దాటలేదు. ముందురోజు బెంగళూరు వాళ్లు చంటిబిడ్డతో అహోబిలం బయలుదేరారు. దారిలో బిడ్డ ఒళ్లంతా కందిపోయి ఏడుస్తుంటే ఆళ్లగడ్డలోనే దిగి, బస్సెక్కి వెనక్కి పోయారు. యాత్రికులను ఓబులేసు బండికి పంపే లాడ్జి మేనేజరు ఇక రావద్దన్నాడు.

"కాయిల్ మార్చేటప్పుడు నువ్వు ఆడుండావా?" అని అడిగాను.

"లేను. బండి పెట్టి పొమ్మన్యాడు. పాతది యాడుందన్నా అంటే పాతినుము గుజిరీకి ఏసినా అన్యాడు."

చదివేవాళ్ల కోసం ఒక్క మాట. కారు ఏసీలో గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయిపోదు. గొట్టాలలో తిరుగుతూనే ఉంటుంది. అది బాగా తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. బయటి గొట్టాల దగ్గర కారితే సబ్బు నురుగు రాసి బుడగలు చూసి పట్టుకోవచ్చు. కూలింగ్ కాయిల్ అలా కాదు. అది డ్యాష్‌బోర్డు వెనక పెట్టెలో ఉంటుంది. అక్కడికి చేరాలంటే డ్యాష్‌బోర్డు విప్పాలి. మనిషి దాని కింద వెల్లకిలా పడుకుని, మెడ వంచి, చేతులు పైకెత్తి పనిచెయ్యాలి. దాదాపు రోజంతా పడుతుంది. ఇవన్నీ నాకు సుబ్బన్న పక్కన కూర్చోబెట్టుకుని చెప్పినవే.

బయట అన్ని జాయింట్లకూ నురుగు రాశాను. ఎక్కడా బుడగ లేదు. ఓబులేసును దగ్గర నిలబెట్టుకుని డ్యాష్‌బోర్డు విప్పాను. లోపలి పెట్టెకు కంపెనీలో అంటించిన పట్టీ అంటించినట్టే ఉంది. దాని మీద ఏళ్లనాటి దుమ్ము గట్టిపడింది. పట్టీ కోసి చూస్తే అదే పాత కాయిల్. ఒక మూల నూనె మరక. గ్యాస్ కారేది అక్కడే.

ఓబులేసు తల లోపలికి పెట్టి చాలాసేపు చూశాడు. నాకు అతని మొహం చూడబుద్ధి కాలేదు.

"డ్రైవర్ల యూనియన్ ఆఫీసుకు పోదాం. నువ్వొచ్చి చూసింది చెప్పాల," అన్నాడు.

"ముందు ఆయప్పతో మాట్లాడదాం."

"నీ గురువని ఎనకాడతాండావా?"

"నేనే అడుగుతా. నువ్వూ పక్కనుండు."

ఆ సాయంత్రం మేం పోయేసరికి సుబ్బన్న షెడ్డులో మంచం మీద ఉన్నాడు. ఓబులేసును చూసి లేచాడు.

"అన్నా, ఈ బండికి కాయిల్ మార్చినావా?" అని అడిగాను.

"మార్చినా."

"విప్పి చూసినాన్నా."

"నిన్నెవురు విప్పమన్యారు?"

"బండాయప్పది. ఆయప్పే విప్పమన్యాడు."

సుబ్బన్న మళ్లీ మంచం మీద కూర్చున్నాడు. మెడ మీద చెయ్యి వేసుకుని, "ఇది తిరగదు మాబూ. డ్యాష్‌బోర్డు కింద పండుకుంటే మళ్లా లేయలేను. శానా దినాలయింది," అన్నాడు.

"ఆ మాట నాకు చెప్పింటే మాబు తావుకు పోయుంటాంటి గదప్పా," అన్నాడు ఓబులేసు.

"ఒగసారి ఆ మాట చెప్పినాక మళ్లా యా బండి వస్తాది ఈడికి?"

మెడ నొప్పి నిజమేనని నాకు తెలుసు. తల తిప్పాల్సి వస్తే ఆయన ఒళ్లంతా తిప్పేవాడు. జాలి కలిగింది. కానీ ఇంకో ప్రశ్న కూడా అడగక తప్పలేదు.

"ఓబులేసు ఒక్కని బండేనా అన్నా?"

ఆయన మంచం మీద పడుకుని అటు తిరిగాడు. ఆ వేసవిలోనూ, అంతకుముందు వేసవిలోనూ ఆయన దగ్గర కాయిల్ మార్పించుకున్నామని నాతో అన్నవాళ్లు ఒక్కొక్కరే గుర్తుకొచ్చారు.

మర్నాడు పొద్దున్నే సుబ్బన్న కొత్త కాయిల్ పట్టుకుని తనే నా షెడ్డుకు వచ్చాడు. నేను బిగించినంతసేపూ బయట స్టూలు మీద కూర్చున్నాడు. సాయంత్రం ఏసీ వేసి చూపిస్తే, గాలి వచ్చేచోట అరచెయ్యి పెట్టి, "బాగుంది," అన్నాడు. ఓబులేసు ఆయనకేసి చూడలేదు. బండి తీసుకుని నేరుగా యూనియన్ ఆఫీసుకు పోయాడు. అక్కడ నన్ను పిలిచి అడిగారు. చూసింది చెప్పాను. సుబ్బన్న ఎదురుగానే ఉన్నాడు. కాదనలేదు.

ఆ తర్వాత డ్రైవర్లు ఆయన దగ్గరికి పోవడం మానేశారు. కొన్నాళ్లు బ్యాటరీలు చార్జింగ్ పెట్టాడు, తర్వాత షెడ్డు మూసేశాడు. మాబు నా పొట్ట కొట్టినాడని నలుగురితో అన్నాడట. దారిలో ఎదురైతే నేను సలాం పెట్టేవాణ్ణి, ఆయన మొహం తిప్పుకునేవాడు. అలా తిప్పుకోవడానికి కూడా ఒళ్లంతా తిప్పాల్సి వచ్చేది.

ఓబులేసుకూ పోయిన పని తిరిగి రాలేదు. లాడ్జి మేనేజరు అప్పటికే వేరే బండి మాట్లాడుకున్నాడు. చివరికి ఓబులేసు ఆళ్లగడ్డ, నంద్యాల మధ్య మనిషికింత అని ఎక్కించుకుని తిప్పాడు. ఆ బాడుగకు ఏసీ వేస్తే డీజిలు ఖర్చు కూడా రాదు. నేను బాగుచేసిన ఏసీ ఆఫ్‌లో ఉంచి, అద్దాలు దించుకుని పోతుండేవాడు.

అప్పటినుంచి బండి యజమాని పక్కన లేకుండా నేను డ్యాష్‌బోర్డు విప్పలేదు. తీసిన పాత సామాను అతని చేతిలో పెట్టకుండా పంపలేదు. అవి అలవాటు చేసుకుంటే వచ్చేస్తాయి. కష్టమైంది వేరే ఉంది. ఇప్పుడు నా నడుం కూడా వంగదు. కాయిల్ పని వస్తే, "ఇది నాతో కాదప్పా, ఇంకో తావ చూపించుకో," అని చెప్పేస్తున్నాను. ప్రతిసారీ ఆ మాట చెప్పేముందు పానా ఒకసారి చేతిలోకి తీసుకుని మళ్లీ కింద పెడతాను. అలా పంపిన బండ్లలో చాలా వరకు తర్వాత చిన్న పనికి కూడా నా దగ్గరికి రాలేదు. సుబ్బన్న ఆ రోజు భయపడింది ఉత్త భయం కాదు. అయినా ఆ మాట చెప్పి తీరాలి.