రెండో కట్ట పేపర్లు

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా లెక్కల మాస్టారుగా పనిచేశాను. పిల్లలు నన్ను వెనకాల ‘స్కేలు సారు’ అనేవాళ్ళు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి లోలోపల సంతోషపడేవాణ్ణి కూడా. కాపీ కొట్టినవాణ్ణి మొహం చూసే పట్టేస్తానని చుట్టుపక్కల స్కూళ్ళలో నాకు పేరుండేది. ఆ పేరు నిలబెట్టుకోవడానికి చేసిన పని ఒకటి ఇక్కడ రాస్తున్నాను. ఇన్నాళ్ళూ దీన్ని ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు.

తొంభైల చివరి మాట. మాది బెజవాడ వన్‌టౌన్, నాన్న గడియారాలు బాగుచేసేవాడు. నాకు ఉద్యోగం మాత్రం పామర్రు దాటాక కూచిపూడి వెళ్ళే దారిలో ఒక ఊరి హైస్కూల్లో. రోజూ బస్సులో వెళ్ళి వచ్చేవాణ్ణి. ఒక ఏడాది స్కూళ్ళు తెరిచే రోజుల్లో మాకు ఇంకో లెక్కల టీచరు వచ్చింది. ముప్ఫై లోపు వయసు, పెళ్ళి కాలేదు. తల్లితో కలిసి ఆ ఊళ్ళోనే అద్దెకుండేది. మనిషి మెత్తన. పాఠం మాత్రం గట్టిగా చెప్పేది. జామెట్రీ అంటే పారిపోయే పిల్లలు ఆవిడ క్లాసులో బెల్లయినా లేవకుండా కూర్చునేవాళ్ళు.

కానీ ఏదో తేడా ఉండేది. ఒక్కోరోజు మధ్యాహ్నం బెల్లయ్యాక ఆవిడ ఏడో తరగతి ఆడపిల్లల మధ్య బెంచీ మీద కూర్చుని ఉప్పూ కారం అద్దిన జామకాయ తింటూ ఉండేది. పిల్లలతో పందెం వేసి నవ్వేది. మర్నాడు ఆ పిల్లలు చనువుగా దగ్గరికి వస్తే, వీళ్ళెందుకు ఇలా మీదపడుతున్నారన్నట్టు కంగారుపడేది. ఎవరైనా అడిగితే ‘నాకు మతిమరుపండీ’ అని తప్పించుకునేది. ఒకసారి స్టాఫ్‌రూమ్‌లో నేనే అన్నాను, ‘మేడమ్ గారికి రెండు అటెండెన్సు రిజిస్టర్లు పెట్టాలండీ, ఒకటి చాలేట్టు లేదు’ అని. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది, కాస్త ఆలస్యంగా. ఆ జోకు నేను మరో రెండుచోట్ల కూడా వాడాను.

పదో తరగతి పేపర్లు దిద్దే పనిని మేము ‘స్పాట్’ అంటాం. ఏప్రిల్ ఎండల్లో టీచర్లను ఒక పెద్ద స్కూలుకు పిలుస్తారు. ఐదారుగురికి ఒక చీఫ్ ఉంటాడు. పొద్దున ఒక కట్ట, భోజనాలయ్యాక ఇంకో కట్ట. వాళ్ళు దిద్దినవి చీఫ్ మళ్ళీ చూసి సంతకం పెట్టాలి. ఆ ఏడు క్యాంపు బెజవాడలో పడింది. చీఫ్‌ని నేను. నా కింద దిద్దేవాళ్ళలో ఆవిడ ఒకతె.

మూడో రోజు మధ్యాహ్నం క్యాంప్ ఆఫీసరు పిలిస్తే వెళ్ళి గంటన్నర అక్కడే ఉండిపోయాను. తిరిగొచ్చి ఆవిడ రెండో కట్ట విప్పి చూశాను. పొద్దుటి పేపర్లలో మార్కులు ఎప్పటిలా చిన్నగా, వాలుగా, వేగంగా ఉన్నాయి. ఈ కట్టలో అంకెలు గుండ్రంగా, పెద్దగా, ఒక్కోటీ కుదురుగా దిద్దినట్టున్నాయి. అచ్చం ఆరో తరగతి పిల్ల నోట్‌బుక్కు. ఎవరో బయటివాళ్ళ చేత దిద్దించిందనుకున్నాను. పక్కన కూర్చున్న మాస్టారు, ‘లేదండీ, ఆవిడ ఇక్కణ్ణించి లేవనే లేదు’ అన్నాడు. మొహమాటానికి చెబుతున్నాడని ఆయన్ని కసిరాను.

పేపరు ఆవిడ ముందు పెట్టి, ‘ఇది ఎవరి రాత?’ అని అడిగాను.

ఆవిడ చాలాసేపు చూసింది. ‘నాది కాదండీ,’ అంది.

అంతే, దొంగ దొరికిందనుకున్నాను. ఆవిడ నోటితోనే ఒప్పుకుంది కదా! తెల్లకాగితం ఇచ్చి, ‘ఈ పేపర్లు నేను దిద్దలేదు’ అని రాసి సంతకం పెట్టమన్నాను. పెన్ను పట్టుకుంది. మొదటి లైను వాలుగా రాసింది. రెండో లైను సగానికొచ్చేసరికి అక్షరాలు గుండ్రంగా మారిపోయాయి. నా కళ్ళముందే. ఇప్పుడైతే అక్కడే ఆగిపోవాల్సిందని తెలుస్తోంది. అప్పుడు మాత్రం నన్ను వెక్కిరిస్తోందనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది.

‘నాటకాలా? ఎవడో దిద్దినదానికి ఏ పిల్లోడైనా ఫెయిలై అఘాయిత్యం చేసుకుంటే ఎవరు బాధ్యులు? నువ్వు కాదా?’ అని అరిచాను. అంతవరకూ మీరు అన్నవాణ్ణి నువ్వులోకి దిగిపోయాను. హాలంతా చేతులాపి మావైపు తిరిగింది.

ఆవిడ లేచి నిలబడి, తల వంచుకుని, కుడి అరచెయ్యి నా ముందు చాపింది.

దెబ్బకి చెయ్యి చాపే పిల్లల్ని నేను కొన్ని వందలమందిని చూశాను. బొటనవేలు లోపలికి ముడుచుకుంటారు, కళ్ళు గట్టిగా మూసుకుంటారు. ఆవిడ అచ్చం అలాగే నిలబడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇంకొందరు. నేనూ నవ్వాను. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, నవ్విన మాట నిజం.

ఆ సాయంత్రం నేనొక్కణ్ణే కూర్చుని ఆ కట్టంతా మొదటినుంచీ దిద్దాను. ఎక్కడెక్కడ తప్పులున్నాయో రిపోర్టులో రాయాలని నా ఆత్రం. ఒక్కటీ దొరకలేదు. స్టెప్పుకి ఇవ్వాల్సిన అరమార్కు దగ్గర్నించి మొత్తాల దాకా అన్నీ సరిగ్గా ఉన్నాయి. నిజం చెప్పాలంటే నా కింద దిద్దినవాళ్ళలో అంత శుభ్రంగా దిద్దిన కట్ట ఇంకోటి లేదు. అంటే దిద్దింది లెక్కలు బాగా తెలిసిన మనిషే. ఆ మాట రాస్తే నా రిపోర్టు తేలిపోతుంది. అందుకని రాయలేదు. ‘వేరొకరిచేత దిద్దించినట్లు స్వయంగా అంగీకరించినది’ అని రాసి, ఆవిడ సగంలో ఆపిన ఆ కాగితం జతచేసి పంపాను. ఆవిడ అలాంటి మాటే ఒప్పుకోలేదు. నాది కాదు అంది, అంతే.

ఆవిణ్ణి క్యాంపునుంచి పంపేశారు. మెమో ఇచ్చారు. జూన్‌కల్లా ఎక్కడో సముద్రం వైపు ఊరికి బదిలీ చేశారు. వెళ్ళేముందు వాళ్ళమ్మ వన్‌టౌన్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

‘మా అమ్మాయి దొంగ కాదు మాస్టారూ. దానికి ఉన్నట్టుండి ఏదో అయిపోద్దండీ. చిన్నపిల్లయిపోద్ది. కాసేపటికి ఏం జరిగిందో దానికే తెలీదు. గుణదల మేరీమాత కొండెక్కించాం. తాయెత్తులు కట్టించాం. మీరు పెద్దోళ్ళు, ఒక్క మాట రాసివ్వండి.’

‘ఇలాంటివి నేను నమ్మనండీ,’ అన్నాను. నమ్మను అనడం నాకు గొప్ప. మా పిల్లలకు జ్వరమొస్తే మా అమ్మ దర్గా నుంచి తాయెత్తు తెస్తే గొడవపడేవాణ్ణి. దయ్యాలు లేవు, గాలి సోకడాలు లేవు, కాబట్టి ఈవిడ అబద్ధాలకోరు. నాకు తెలిసినవి ఆ రెండు దారులే. మూడోది ఒకటుంటుందన్న ఆలోచనే రాలేదు. బీఈడీలో సైకాలజీ పేపరులో మా బ్యాచిలో నాకే ఎక్కువ మార్కులొచ్చాయన్నది ఇక్కడ చెప్పుకోవాలి.

రెండు వేలు దాటి ఆరేడేళ్ళయ్యాక, పేరు పక్కన ఇంకో డిగ్రీ ఉంటే బాగుంటుందని దూరవిద్యలో ఎమ్మే సైకాలజీ కట్టాను. ఆదివారాలు బెజవాడలో క్లాసులు. ఒకరోజు లెక్చరరు ఒక జబ్బు గురించి చెప్పాడు. ఒకే మనిషిలో వేరువేరు మనుషులున్నట్టుగా ఉంటుంది. ఒకరున్నప్పుడు జరిగింది ఇంకొకరికి గుర్తుండకపోవచ్చు. వయసు వేరుగా అనిపించొచ్చు. మాట, నడక, చేతిరాత కూడా మారొచ్చు. చాలామందిలో దాని మూలం చిన్నతనంలో ఉంటుంది. తట్టుకోలేనిది పదేపదే జరిగినప్పుడు, తప్పించుకోవడానికి దారి లేనప్పుడు, పసిమనసు ‘ఇది నాకు జరగడం లేదు’ అని ఆ బాధను వేరే గదిలో పెట్టి తలుపేసుకుంటుంది. అది పూనకమూ కాదు, నటనా కాదు, సినిమాల్లో చూపించినట్టు హత్యలు చేసే రోగమూ కాదు. ఇదీ ఆయన చెప్పింది.

లేచి అడిగాను, ‘మరి అలా మారినప్పుడు వాళ్ళు చేసిన పని తప్పుల తడకగా ఉంటుందాండీ?’

‘ఎందుకుండాలండీ? వేరే మనిషి ఎవరూ రారు కదా. ఉన్నది ఆ ఒక్క మనిషే. నేర్చుకున్నదంతా పోదు. జ్ఞాపకాలే ఒకదానికొకటి అందవు,’ అన్నాడు. తర్వాత నవ్వి, ‘క్లాసులో విన్నారని ఇంటికెళ్ళి పక్కింటివాళ్ళకు ఈ జబ్బు అంటగట్టకండి. అది తేల్చాల్సింది డాక్టరు,’ అన్నాడు. అందరూ నవ్వారు. నేను మాత్రం టీ తాగే విరామంలో ఇంటికి వచ్చేశాను.

అయినా వెంటనే ఆవిణ్ణి వెతకలేదు. ఏడాది పట్టింది. ఆవిడకి ఆ జబ్బు కాదేమో, నేనే ఊహించుకుంటున్నానేమో అని సాకు చెప్పుకున్నాను. అసలు సంగతి భయం. చివరికి ఆవిడ బదిలీ మీద మళ్ళీ బెజవాడ వచ్చిందని, కృష్ణలంకలో ఉంటోందని తెలిసి, ఒక ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. తలుపు తీసింది వాళ్ళమ్మ. నన్ను గుర్తుపట్టి కూడా కుర్చీ వేసింది.

ఆవిడ జుట్టు కొంచెం నెరిసింది. మనిషి నెమ్మదిగా, నిబ్బరంగా ఉంది. నేను బస్సులో కూర్చుకున్న మాటలన్నీ అప్పజెప్పాను. క్లాసులో ఆ జబ్బు గురించి విన్నానని, అజ్ఞానం వల్ల జరిగిందని, క్షంతవ్యుణ్ణని. పై ఆఫీసుకు పెట్టుకునే అర్జీలా ఉంది నా మాట. ఆవిడ మధ్యలో అడ్డురాకుండా విన్నది.

‘ఆరేళ్ళనుంచి ఒక డాక్టరు గారి దగ్గరికి వెళ్తున్నానండీ,’ అంది. ‘మాత్రలు తక్కువే. మాట్లాడించడమే వైద్యం. మీరు అనుకున్నదే, ఆ జబ్బే. చిన్నప్పుడు ఏం జరిగిందో అది మీకు అనవసరం.’

‘అడగనండీ,’ అన్నాను.

‘ఆ రోజు సంగతి నాకు తెలీదు మాస్టారూ. టిఫిన్ డబ్బా మూత తీశాను. తర్వాత మీరు పేపరు నా మొహం మీద పెట్టడం కాస్త గుర్తు. ఆ పైన గుర్తున్నది పామర్రు బస్సే. నాలో పన్నెండేళ్ళ పిల్ల ఒకతుంది, మిగతాదంతా పడ్డది అది. అదీ నేనేనంటారు డాక్టరు గారు. నిజమే. కానీ అన్నీ ఇంకా నాకు అందవు. మీరు నాకు సారీ చెబితే నేనేం చేసుకోను? దానికి చెప్పండి. వింటుందో లేదో నాకూ తెలీదు.’

ఇన్నేళ్ళూ పిల్లల మధ్యే బతికాను. కొట్టాను, మెచ్చుకున్నాను, ఫీజులు కూడా కట్టాను. ఒక్క పిల్లకి, ఒక్క పిల్లాడికి తప్పు నాదని చెప్పిన రోజు లేదు. ఎలా మొదలుపెట్టాలో నిజంగా తెలియలేదు. మీరు అనాలా, నువ్వు అనాలా? నమస్కారం పెట్టాలా? వాళ్ళమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

‘తప్పు నాదమ్మా,’ అన్నాను చివరికి. ‘నీమీద అనవసరంగా అరిచాను. అందరిలో నవ్వాను. నువ్వు దిద్దిన పేపర్లన్నీ కరెక్టమ్మా. ఒక్క మార్కు కూడా మార్చలేదు.’

ఆవిడ గొంతు మారలేదు. కూర్చున్న తీరు మాత్రం కొంచెం మారింది. రెండు చేతులూ చీర కుచ్చిళ్ళలోకి లాక్కుంది. నా మొహంలోకి కాకుండా నా చొక్కా గుండీల వైపు చూస్తూ అడిగింది:

‘అయితే నావల్ల ఎవళ్ళూ ఫెయిలవలేదు కదా సార్?’

దాదాపు పదేళ్ళు. నేనన్న ఒక్క మాటను ఆ పిల్ల దాదాపు పదేళ్ళు మోసింది.

‘లేదమ్మా. నీవల్ల ఎవళ్ళూ ఫెయిలవలేదు,’ అన్నాను. ఆ సంగతి నాకు ఆ సాయంత్రమే తెలుసునని మాత్రం, అప్పుడు కూడా చెప్పలేకపోయాను.