అందంగా కూలిన ఇల్లు

ఆ వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని స్టూడియో మావయ్య అంటారు. ఆయన ఫోటో తీస్తే పుట్టుమచ్చలు పారిపోతాయి, బట్టతల మీద నాలుగు వెంట్రుకలు మొలుస్తాయి, ఒకరి మొహం ఒకరు చూసుకోని తోడికోడళ్లు అక్కచెల్లెళ్లలా కనిపిస్తారు. సొంత చెల్లెలి పాస్‌పోర్టు ఫోటోకి ఎంత మెరుగు పెట్టాడంటే, ఆ ఫోటోలో ఉన్నది తనేనని ఆవిడ విమానాశ్రయంలో ఒప్పించేసరికి విమానం కాస్తా వెళ్లిపోయింది. ఆవిడ ఏడుస్తూ ఫోన్ చేస్తే, “అదలా ఉంచు, ఫోటో ఎలా ఉందో చెప్పు” అన్నాడు.

అలాంటి మనిషి ఇంటి మీదికి గాలివాన వచ్చింది. ముందు గదిలో స్టూడియో, వెనక సంసారం. గాలివాన స్టూడియో జోలికి పోలేదు. వంటింటి కప్పు రేకుల్ని మాత్రం పెరట్లోకి విసిరేసింది. పడకగది కిటికీని చట్రంతో సహా ఊడబెరికి మంచం మీద పడుకోబెట్టింది. గోడ నిలువునా పగిలింది.

ఇంటికి బీమా చేయించింది ఆయన భార్య. ఆవిడ పోస్టాఫీసులో గుమాస్తా. వాన తగ్గగానే బీమా కంపెనీకి ఫోన్ చేసి, ఆయనతో చెప్పింది. “ఏదీ కదపొద్దన్నారండీ. నష్టం ఫోటోలు తీసి పంపితే చాలట.”

“ఫోటోలా!” ఇల్లు కూలినవాడికి ప్రాణం లేచొచ్చింది.

ముందుగా చీపురు పట్టుకుని గాజుపెంకులు ఊడ్చాడు.

“కదపొద్దన్నారు కదండీ!”

“కదపట్లేదే. సర్దుతున్నాను.”

విరిగిన రేకుల్ని పెద్దవి వెనక్కి, చిన్నవి ముందుకి పేర్చాడు. తడిసిన పరుపు మీద ఉతికిన దుప్పటి పరిచాడు. తరవాత మబ్బు విడిపోయి ఎండ వాలేదాకా స్టూలు మీద కూర్చుని ఎదురుచూశాడు. కప్పు లేనిచోటు నుంచి నీరెండ పొయ్యి మీద పడగానే కెమెరా ఎత్తాడు.

“ఆ వెలుతురు చూశావా! ఎన్ని లైట్లు పెడితే వస్తుంది ఇలాంటి వెలుతురు?”

“వాన కూడా అక్కణ్ణుంచే వచ్చిందండీ,” అంది భార్య, తడిసిన పప్పు డబ్బాలు బోర్లించుకుంటూ.

రాత్రికి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. గోడ మీద పగులు ఆయన కంట్లో నలుసులా పడింది. తీసేద్దామని కాదు, కాస్త పలచన చేద్దామనుకున్నాడు. చెయ్యి ఊరుకుంటేనా? మొటిమలు తుడిచే చెయ్యి పగులునీ తుడిచేసింది. ఫోటోలు పంపించి హాయిగా నిద్రపోయాడు.

కొన్నాళ్లకి జవాబు వచ్చింది. ఫోటోల్లో నష్టమేమీ కనిపించలేదనీ, ఇల్లు గాలీ వెలుతురూ ధారాళంగా వచ్చేలా ఉన్నందుకు అభినందిస్తున్నామనీ.

భార్య ఆ కాగితం చదివి, సెలవు పెట్టి, ఆయన్ని వెంటబెట్టుకుని బీమా ఆఫీసుకి వెళ్లింది. గాలివాన ఆ ఆఫీసునీ వదల్లేదు. నడవలో కప్పు కారుతుంటే కింద బకెట్ పెట్టారు. జనం దాన్ని చుట్టుకుని నడుస్తున్నారు. క్లెయిములు చూసే మేడమ్ కంప్యూటర్ తెర ఇటు తిప్పింది.

“ఇది వంటిల్లే కదా. పైన కనిపిస్తున్నదేంటండీ?”

“ఆకాశం,” అన్నాడాయన గర్వంగా.

“వంటింట్లో ఆకాశమేంటి సార్? మేం అద్దాల కప్పు అనుకున్నాం. అద్దాల కప్పుంటే ప్రీమియం ఎక్కువ. మీరు మాకు చెప్పకుండా వేయించారని రాసుకున్నాం కూడా.”

“మేడమ్, మనిషిని పంపి చూసుకోండి,” అంది భార్య.

“ఫోటోలో నష్టం కనిపిస్తే పంపుతామండీ. లేని నష్టాన్ని చూడ్డానికి సర్వేయర్‌ని పంపితే పైవాళ్లు నన్నే నిలదీస్తారు.”

భార్య నిట్టూర్చి ఫోన్ తీసింది. “అయితే ఇది చూడండి.”

ఫోటో పక్కకి ఒరిగింది. ఒక మూలని ఆవిడ బొటనవేలు మింగేసింది. మధ్యలో స్టూడియో మావయ్య: నెత్తి మీద బోర్లించుకున్న గిన్నె, చుట్టుకున్న తడి తువ్వాలు, ఒక కన్ను మూసుకుపోయి, నోరు గుహలా తెరుచుకుని. ఆయన వెనకాల వంటింటి రేకు గాల్లో సగం దూరం ఎగిరింది.

ఆయనకి తల కొట్టేసినట్టయింది. “ఇదెప్పుడు తీశావే?”

“అప్పుడే. మా అక్కకి పంపడానికి.”

“మీ అక్క చూసిందా దీన్ని?”

మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడింది. “అదీ ఫోటో అంటే! నష్టం కళ్లకి కట్టినట్టుంది. మీ చెయ్యి చాలా మంచిదండీ.” అని ఆయన వైపు తిరిగి, మర్యాద కోసం అడిగింది. “మీరు కూడా ఫోటోలు తీస్తుంటారా సార్?”

ఆ మాట ఆయన్ని గాలివాన కన్నా గట్టిగా కొట్టింది. ఫోటోలో తన మొహం వైపు వేలు చూపించి అన్నాడు.

“మేడమ్, నోరొక్కటి మూయించి ఇస్తాను.”

“ఒక్క చుక్క మార్చినా దొంగ క్లెయిమ్ అవుతుంది సార్. కింద సంతకం పెట్టండి, ఉన్నది ఉన్నట్టే ఉందని.”

ఇన్నేళ్ల వృత్తిలో అలాంటి మాట కింద ఆయన ఎన్నడూ సంతకం పెట్టలేదు. ఆయన దృష్టిలో ఉన్నది ఉన్నట్టు తీయడం ఫోటోగ్రఫీ కాదు, పిరికితనం. భార్య పెన్ను చేతికిచ్చింది. కళ్లు మూసుకుని పెట్టేశాడు.

సర్వేయర్ వచ్చాడు, చూశాడు, వంటింటి కప్పుకి డబ్బు మంజూరు చేయించాడు. కిటికీకీ గోడకీ మాత్రం ఏమీ రాలేదు. అవి ఆవిడ ఫోటోలో పడలేదు మరి.

కొత్త రేకులు పడ్డాయి. అక్కడితో పోనిస్తే బాగుండేది. మేడమ్ ఆ ఫోటోని పెద్దది చేయించి, క్లెయిముకి ఫోటో ఇలా ఉండాలని రాసి, ఆఫీసు నోటీసు బోర్డు మీద అతికించింది. ఆఫీసుకొచ్చిన వాళ్లందరూ స్టూడియో ముందు ఆగి, “గిన్నె పెట్టుకున్నది మీరే కదండీ!” అనడం మొదలుపెట్టారు. వారం పాటు ఆయన తలుపు ఓరగా వేసుకుని కూర్చున్నాడు. తరవాత వాళ్లు లోపలికే రావడం మొదలుపెట్టారు. “మా ఇంటికీ నష్టం ఫోటోలు కావాలి. మీరొద్దు, అమ్మగారిని పంపండి.”

ఇప్పుడు ఆదివారాల్లో ఆవిడ ఫోన్ పట్టుకుని ముందు నడుస్తుంది. ఆయన గొడుగుతో వెనక నడుస్తాడు. మొన్న ఒక ఇంట్లో, కూలిన గోడ పక్కన గడియారం వంకరగా వేలాడుతోంది. ఆయన చెయ్యి దానంతటదే లేచింది.

“ఏవండీ!” అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండానే.

ఆయన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.