గొంతు కడుక్కొచ్చే మనిషి

మా పెదనాయన పోయాడు. మార్కాపురం నుంచి పెద్దమ్మ ఫోన్ చేసి, "మీ పెదనాయన పోయినాడమ్మా, రా" అని పెట్టేసింది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఏడాదిగా ఆస్పత్రుల చుట్టూ తిరిగి తిరిగి అందరం అలసిపోయాం. ఆయనా అలసిపోయాడు.

ఆయన పలకల కార్ఖానాలో కోత మిషన్ మీద పనిచేశాడు. మీరు బడిలో దిద్దిన పలక ఆయన చేతి మీదుగా వచ్చిందే అయినా కావచ్చు. నేనైతే ఆయన తెచ్చిన అంచు విరిగిన పలకల మీదే అక్షరాలన్నీ నేర్చుకున్నాను. మిషన్ రాయిని కోస్తుంటే బూడిదరంగు దుమ్ము లేచి కనురెప్పల మీద, చెవుల్లో, తువ్వాలు కట్టుకున్నా ముక్కులో చేరేది. సాయంత్రం వాకిట్లోనే తువ్వాలు విదిలించి, మోచేతుల దాకా కడుక్కుని గానీ గడప దాటేవాడు కాదు. తర్వాత పెద్దమ్మతో రోజూ ఒకటే మాట: "గొంతు కడుక్కొస్తా."

అంటే మందు తాగి వస్తానని. అది సరదా తాగుడు కాదని ఆయన నమ్మకం. ఆ పనిలో ఉన్న మగవాళ్లలో చాలామందిదీ అదే నమ్మకం. పగలంతా మింగిన రాతిదుమ్ము మందు పడితే దిగిపోతుందట, లేకుంటే రొమ్ములో రాయి కడుతుందట. అదే దుమ్ముకు ఆడవాళ్లు బెల్లం నమిలేవాళ్లు. పలకలకు చెక్క చట్రాలు బిగించే మా పెద్దమ్మ కొంగున ఎప్పుడూ బెల్లం ముక్క ఉండేది. "బెల్లానికి చీమలొస్తాయి గానీ దుమ్మెట్ల పోతాదే" అని ఆయన ఆటపట్టించేవాడు.

తాగినా అరిచే మనిషి కాదు, చెయ్యెత్తే మనిషి కాదు. ఒక్కరోజూ పని మానేవాడు కాదు. అందుకని ఆ తాగుడు ఎవరికీ జబ్బులా కనిపించలేదు. ముందు అన్నం సయించకుండా పోయింది. తర్వాత చేతులు పుల్లల్లా అయ్యాయి, పొట్ట మాత్రం పెరిగింది. కాళ్లు వాచాయి. కళ్లు పచ్చబడితే మామూలు కామెర్లనుకుని గిద్దలూరు వైపు ఎవరి దగ్గరో పసరు తాగించుకొచ్చారు. ఒక పొద్దున నెత్తురు కక్కుకున్నాడు. అప్పుడు ఒంగోలు తీసుకుపోయాం.

అక్కడ డాక్టరమ్మ పొట్టలోంచి నీళ్లు తీయించి, లివర్ మచ్చలు కట్టి గట్టిపడిపోయిందని చెప్పింది. లోపలికి పోయిన మందును విరగ్గొట్టే చాకిరీ అంతా దానిదేనట, ఏళ్ల తరబడి చేసి చేసి అది చెడిపోయిందట. పెదనాయన తన దుమ్ము సంగతి చెప్పుకున్నాడు. ఆమె కోప్పడలేదు. చీటీ వెనక రెండు గొట్టాలు గీసింది. గాలి పోయే దారి ఇది, తిండి పోయే దారి ఇది అని చూపించి, దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉంటే మందు పోయేది పొట్టలోకి, ఇక కడిగేది దేన్ని అని అడిగింది. బెల్లమైనా అంతేనని పెద్దమ్మకూ చెప్పింది.

ఆయన ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. "ఇన్నేండ్లూ వేరే గొట్టంలో పోసినానా తల్లీ" అన్నాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

ఆ రోజు నుంచి ముట్టలేదు. ఉన్నట్టుండి మానితే ఒళ్లు వణికి, లేనివి కనిపించి, ఫిట్స్ కూడా రావచ్చని వార్డులోనే ఉంచుకుని మాన్పించారు. కొన్నాళ్లు ముఖం తేటపడింది. కానీ లివర్‌లో మిగిలింది తక్కువ. చివర్లో పగలంతా మగతగా పడుకుని, నన్ను మా అమ్మ పేరుతో పిలిచేవాడు. అదీ ఆ జబ్బేనన్నారు.

ఆయనకున్న దిగులల్లా కొడుకు గురించే. మా అన్నదీ అదే కార్ఖానా, అదే మిషన్, సాయంత్రమైతే అదే మాట. తెలివిలో ఉన్న ఒక మధ్యాహ్నం అన్నను మంచం దగ్గరికి పిలిచాడు.

"నా దినానికి సీసా పెట్టొద్దురా. పెడితే పనోళ్లంతా అది మంచిదే అనుకుంటారు. నువ్వు గూడా ఆ కడిగేది మానుకో. మంచి మాస్కు కట్టుకో, దగ్గొస్తే డాక్టరుకు చూపిచ్చుకో."

అన్న తలూపాడు.

మా వైపు చిన్నదినం నాడు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ సమాధి దగ్గర పెడతారు. మూడో రోజు పొద్దున పెద్దమ్మ జొన్నరొట్టె, వేరుశనగ పచ్చడి, గ్లాసుతో మజ్జిగ పెట్టింది. కార్ఖానా వాళ్లు వచ్చి విస్తరి పక్కన ఒక సీసా పెట్టారు. ప్రేమ కొద్దీ పెట్టారు, వాళ్లనేం అంటాం. పెద్దమ్మ దాన్ని తీసి అన్న చేతిలో పెట్టింది.

"మీ నాయన వద్దన్నాడు గదా. ఏం జేస్తావో నువ్వే చెయ్యి."

అందరం బయల్దేరాం, అన్న అక్కడే కూర్చుండిపోయాడు. నాలుగడుగులు వేసి వెనక్కి చూశాను. మూత తిప్పుతున్నాడు. తాగుతాడేమోనని ఆగిపోయాను. అన్న సీసా వంచి సమాధి తలవైపు మట్టి మీద మొత్తం పోసేశాడు. నాయన వద్దన్నదాన్ని నాయనకే పోశాడు, తను మాత్రం తాగలేదు. రేపు మిషన్ దగ్గర నుంచి వచ్చాక ఏం చేస్తాడో నాకు తెలియదు. అడిగే ఓపిక కూడా లేదు. ఖాళీ సీసా పట్టుకుని దగ్గుతూ కూర్చున్నాడు. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. మట్టి మీద తడి మచ్చ అంచుల నుంచి ఆరుతూ, చిన్నదవుతూ వచ్చింది.