సగం తుడిచిన బొట్టు

మా మేనమామ బైరాగి మంచి మెకానిక్కు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక మీదట చెప్పేదంతా ఆయన మీద నా కోపమే. ఏక్‌బాల్‌పూర్ సందులో ఉన్న ఆయన షెడ్డుకి ముప్పై ఏళ్లుగా బెంగాలీలూ బీహారీలూ మనవాళ్లూ వెతుక్కుంటూ వస్తారు. బ్రేకు పని పడితే మరీను.

విశ్వకర్మ పూజ నాడు ఈ ఊళ్లో ఏ మెకానిక్కూ పానా ముట్టడు. నాలుగేళ్ల కిందట సరిగ్గా ఆ రోజే ఆదాము తన అద్దెకారు తెచ్చి షెడ్డు ముందు నిలబెట్టాడు. మావయ్యా అతనూ చిన్నప్పటి నుంచి ఒకే సందులో పెరిగారు. ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయి, తెల్లారితే హౌరా స్టేషన్‌కి బేరం ఉంది. అతని కోసం కొన్న కొత్త ప్యాడ్లు షెడ్డులోనే ఉన్నాయి. కాదనలేక మావయ్య జాకీ పెట్టాడు.

పొద్దున పూజలో అత్త తవిటమ్మ పనిముట్లన్నిటికీ ఆవనూనెలో కలిపిన సిందూరంతో బొట్లు పెట్టింది. పక్కనే ఉన్న కొత్త ప్యాడ్లకీ పెట్టింది, అదీ డిస్కును పట్టుకునే వైపు. అక్కడ నూనె పడితే ప్యాడు పారెయ్యాల్సిందేనని మావయ్య నాకే పదిసార్లు చెప్పి ఉంటాడు. కానీ పూజ నాడు పెట్టిన బొట్టు చెరపడానికి ఆయనకు చెయ్యి రాలేదు. గుడ్డతో పైపైన అద్ది బిగించేశాడు. సందు చివరిదాకా నడిపి చూస్తే కారు ఆగింది.

మర్నాడు ఖిదిర్‌పూర్ మలుపులో ఆగలేదు. పక్కకు లాగేసి టీ కొట్టు బల్లను గుద్దింది. దేవుడి దయ, బల్ల మీద ఎవరూ లేరు.

కారును షెడ్డుకి తెస్తే మావయ్య చక్రం విప్పాడు. ప్యాడు మీద ఎర్రటి మరక, నూనె జిడ్డు. దాన్ని ఆదాముకి కనబడకుండా దాచేసి వేరే ప్యాడ్లు వేశాడు.

“ఏటైనాదిరా? బ్రేకేనా?” అన్నాడు ఆదాము.

“బ్రేకు బాగానే ఉన్నాది. నువ్వే ఆలీసెంగా తొక్కుంటావు.”

నిజం చెప్తే ఆదాము నాలుగు తిట్లు తిట్టి, టీ తాగి పోయేవాడు. గోటితో పోయేదాన్ని మావయ్య గొడ్డలి దాకా తెచ్చుకున్నాడు.

ఆ నెలలోనే ఆదాము కారు అమ్మేశాడు. భవానీపూర్‌లో ఒక అపార్ట్‌మెంటుకి దర్వానుగా చేరి, పరాయి కార్లకు గేటు తీస్తూ బతికాడు. మావయ్య ఆ దారిన వెళ్లడమే మానేశాడు. అన్నం ముందు కూర్చుని సగంలో లేచిపోయేవాడు. “సెప్పాల్రా, ఆడికి సెప్పాల” అని నా దగ్గర గొణిగేవాడు. వెళ్లి చెప్పవయ్యా అంటే పానా పట్టుకుని ఏదో ఒక కారు కిందికి దూరిపోయేవాడు. అలా నాలుగేళ్లు!

మొన్న ఆదివారం నేనే రెక్క పట్టుకుని ఆదాము దగ్గరికి తీసుకెళ్లాను. అతను అప్పుడే చర్చి నుంచి వచ్చాడు. మావయ్య బొట్టు సంగతీ, మరక సంగతీ, తానాడిన అబద్ధమూ అన్నీ చెప్పి ఏడ్చాడు.

ఆదాము కోప్పడలేదు. చాలాసేపు తన కుడికాలి వంకే చూసుకున్నాడు.

“నా కాలు ముసిల్దైపోనాదనుకున్నాన్రా” అన్నాడు. “మనవరాల్ని సైకిలెక్కించుకోడానికి గూడా బయపడిపోనాను.”