ఫ్యూజు స్థానంలో బేలు తీగ

ఆ వేసవి తలుచుకుంటే ఇప్పటికీ నా భుజం లాగుతుంది. మా నాయన ఆదోని పత్తి మార్కెట్లో దలాలీ చేసేవాడు. ఎండలో తిరిగి తిరిగి వడదెబ్బ తగిలి మంచం పట్టాడు. గాలి ఆడకపోతే ఊపిరి బరువయ్యేది. గది చల్లగా ఉంచమన్నాడు డాక్టరు. ఆ మాట కూడా చెమట తుడుచుకుంటూనే చెప్పాడు.

కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి, దాని ముందు బల్లమీద కరెంటు ఫ్యాను పెట్టాం. తడిక ఆరిపోకుండా చెంబుతో నీళ్లు చల్లడం నా ఉద్యోగం. ఐదో తరగతిలోనే బడికి దండం పెట్టినవాడికి అంతకంటే పెద్దది ఎవరిస్తారు?

చిక్కంతా మా అక్క మొగుడితో వచ్చింది. ఎమ్మిగనూరు మనిషి. ఆదోనిలో పత్తిని నొక్కి బేళ్లుగా కట్టే ప్రెస్సులో పనిచేస్తూ మా ఇంట్లోనే ఉండేవాడు. ఆయనకొక కరెంటు ఇస్త్రీపెట్టె. మా ఇంటికి ఉన్నదేమో దీపాల కోసం వేసిన సన్నటి లైను ఒక్కటే. ఫ్యాను తిరుగుతుండగా ఆయన ఇస్త్రీ మొదలుపెడితే ఫ్యూజు ఎగిరిపోయేది. ఫ్యాను ఆగేది. నాయన నోరు తెరిచి గాలి కోసం వెతుక్కునేవాడు. నేను విసనకర్ర అందుకునేవాణ్ణి.

“బావా, నువ్వు పోయేది బేళ్ల మధ్యకు. చొక్కా నలిగితే పత్తి ఏమన్నా అలుగుతాదా?”

“నీకు తెల్దులే బామ్మర్దీ. ఈ ఫ్యూజు రోగం నేను కుదురుస్తా సూడు.”

మరునాడు ప్రెస్సు నుంచి బేళ్లకు బిగించే ఇనుప తీగ ముక్క తెచ్చి ఫ్యూజు తీగ ఉండాల్సిన చోట బిగించాడు. “బేలునే పట్టి నిలిపే తీగప్పా ఇది! తెగుతాదా?”

తెగలేదు. ఫ్యాను, దీపాలు, ఇస్త్రీపెట్టె అన్నీ ఒకేసారి నడిచాయి. అమ్మ అల్లుడికి ఇంకో జొన్నరొట్టె వేసింది. విసనకర్ర మూలకు పోయింది.

ఒక సాయంత్రం బావ చొక్కా రుద్దుతున్నాడు. అప్పటిదాకా మూలగడం తప్ప మాటలేని నాయన తలెత్తాడు.

“ఒరేయ్, యాడో పత్తి కాల్తాంది.”

“ఇది ఇల్లు నాయనా, మార్కెట్టు కాదు.”

“పత్తి వాసన నాకు సెప్తావా? సూడు పోరా!”

గోడమీద తీగలు పోయే చెక్కపట్టీ తాకాను. రొట్టెల పెనంలా కాలింది. అప్పట్లో కరెంటు తీగలకు రబ్బరు పైన నూలు చుట్టేవారు. ఆ నూలే లోపల కమురుతోంది, అదీ నాయన తలాపు మీదుగా. బావ ఒక్క గంతులో మెయిను ఆపేశాడు. ఫ్యూజు అన్నిసార్లు ఎగిరింది మమ్మల్ని ఏడిపించడానికి కాదు, తాను ముందు తెగి ఇల్లు కాలకుండా చూడడానికి.

లైను మార్చాలంటే అవి యుద్ధం రోజులు, బజారులో కరెంటు తీగ దొరకలేదు. ఫ్యాను గుడ్డ కప్పుకుని కూర్చుంది. మళ్లీ విసనకర్ర, మళ్లీ చెంబు. చెయ్యి ఎత్తలేని స్థితికి వచ్చాను. బావ ఇంకో విసనకర్ర తెచ్చుకుని, నలిగిన చొక్కాతోనే వచ్చి మంచానికి అవతల కూర్చున్నాడు. ఇద్దరం చెరోవైపు నుంచి విసురుతున్నాం.

నాయన కళ్లు తెరిచి ఇద్దర్నీ చూశాడు.

“ఒకరే విసరండప్పా. ఇద్దరూ ఒక్కసారే విసిరితే మళ్లా యాడన్నా కాల్తాది.”

ఈ మనిషి బతుకుతాడనిపించింది. చెయ్యి మార్చుకుని విసిరాను.