అండాలక్క చెయ్యి వణకలేదు

"మిషన్ మంచిగున్నదక్కా, నీ చెయ్యే వణుకుతాంది" అని ఒకసారి ఒక కస్టమర్‌తో అన్నాను. అంటున్నప్పుడే అది అబద్ధమని నాకు తెలుసు. రిపేరు పనిలో ఇరవై ఏళ్ల ముచ్చట్లు ఎందరికో చెప్పాను గాని, ఈ ఒక్కటి దాచుకున్నాను.

అది 2019. భువనగిరి బస్టాండు దగ్గరి సందులో నాది సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు. పోచంపల్లి నుంచి అండాలు అనే ఆమె వచ్చి, కొంగులో చుట్టి తెచ్చిన గేమ్ కన్సోల్ కౌంటర్ మీద పెట్టింది. రెండు చేతుల్లో పట్టుకుని ఆడుకునే రకం. ఆమెకు యాభై ఏళ్లుంటాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కూతురు కొత్తది కొనుక్కుని పాతది తల్లికి ఇచ్చిందట.

"నువ్వు ఆడుతవా అక్కా?"

"ఏం, ఆడొద్దా? మీసాలుంటెనే ఆడాల్నా?"

ఏం ఆడుతుందో చూపించమన్నాను. ఆ రకం ఆటలను రోగ్‌లైక్ అంటారు. గుహలోకి దిగాలి. దిగిన ప్రతిసారీ దారులు మారిపోతాయి. చస్తే సంపాదించిందంతా పోయి మళ్లీ మొదటి మెట్టు. ఆమె ఆడేదానిలో ఇంకో పద్ధతి ఉంది. మన బొమ్మ ఒక అడుగు వేస్తేనే భూతాలూ ఒక అడుగు వేస్తాయి. మనం ఆగితే అవీ ఆగుతాయి.

"మా బిడ్డకు ఉరికే ఆటలు ఇష్టం. నాకు గిదే మంచిగుంటది. నేను సోచాయించేదాంక ఆగుతది" అంది. "చిటికి కట్టుడు గూడ గిట్లనే తమ్మీ. ఒక్క ముడి తప్పు పడి రంగుల ముంచినమా, మల్ల మొదటికే."

చిటికి అంటే, చీర నేయకముందే రంగు అంటకూడని చోట దారాలను పట్టీలతో బిగించి కట్టే పని. సన్న డిజైన్లు కట్టడం ఆమె బతుకుదెరువు.

పాడైంది డీ-ప్యాడ్. ఎడమవైపు ప్లస్ గుర్తులా ఉండే బటన్. ఒక్క నొక్కుకు ఒక్క అడుగు కాబట్టి ఆమెకు అదే కావాలి. దాని కింద ఉండే రబ్బరు అరిగిపోయింది. నా దగ్గర ఆ రబ్బరు లేదు. తెప్పించడానికి బద్ధకమేసి నడకను అనలాగ్ స్టిక్‌కు మార్చాను. బొటనవేలితో అటూ ఇటూ వంచే చిన్న పుల్ల అది. ఆ పుల్లా వదులుగా ఉంటే, చెడిపోయిన మరో కన్సోల్ నుంచి ఊడదీసింది బిగించాను. బిగించాక కాసేపు పరీక్షించాలి. పరీక్షించలేదు.

"గీ పుల్ల నాకు పడదు తమ్మీ. ఎంత వంచిన్నో వేలికి తెలుస్తలేదు."

"అలవాటైతది తియ్యి."

పది రోజులకు మళ్లీ వచ్చింది. షాపు నిండా జనం.

"ఒక్క అడుగేస్తే రెండడుగులు పోతాంది. పోయి పోయి భూతం నోట్లెనే పడుతున్న."

టెస్ట్ స్క్రీన్ తెరిచాను. పుల్లను వదిలేస్తే గుండ్రం నడుమ చుక్క కదలకుండా నిలబడాలి. అది మెల్లగా కుడివైపు జారుతోంది. దీన్ని డ్రిఫ్ట్ అంటారు. ఆమె పుల్ల మీంచి వేలు తీయకుండా ఆడుతుంది కనుక ఆమెకు ఆ సంగతి తెలిసే వీల్లేదు. నలుగురి ముందు నా పని తప్పని చెప్పలేక, పైన రాసిన మాట అనేశాను. ఎవరో నవ్వారు. అండాలక్క నవ్వలేదు. రెండు అరచేతులూ చాపి చూసుకుంది.

"మా బాపుకు గూడ గిట్లనే షురువైంది" అని కన్సోల్ తీసుకుని వెళ్లిపోయింది.

నాలుగు నెలల తర్వాత వాళ్ల వాడకట్టులో ఉండే ఒకావిడ ఫోన్ బాగుచేయించుకోవడానికి వచ్చింది. అండాలక్క ఎలా ఉందని అడిగాను.

"చిటికి కట్టుడు బందు పెట్టింది. చెయ్యి వణుకుతాందట. వాళ్ల నాయిన గట్లనే పని ఇడిసిపెట్టిండు. ఇప్పుడు మగ్గానికి దారం కండెలు చుట్టుకుంట కూసుంటాంది. దవాఖానకు పోవే అంటే, మిషన్ల డాక్టరే చెప్పిండు గదా అంటది."

ఆ రోజే రబ్బరుకు ఆర్డర్ పెట్టాను. అది రాగానే పోచంపల్లి బస్సెక్కాను. అండాలక్క ముందరి అర్రలో కండెలు చుడుతోంది. "ఏం తమ్మీ, ఇల్లు దొర్కవట్టుకొని వచ్చినవ్?" అంది. కన్సోల్ బీరువా మీద దుమ్ము పట్టి ఉంది. చార్జింగ్ పెట్టి ఆట మొదలుపెట్టాను. పుల్లను ఒకసారి కదిపి వదిలేసి, ఇద్దరి మధ్య నేల మీద పెట్టాను.

"ముట్టకు అక్కా. ఊకె చూడు."

గుహలో బొమ్మ కుడివైపు ఒక అడుగు వేసింది. ఆగి, ఇంకొకటి. అది నడిచిన ప్రతిసారీ మూలనున్న భూతమూ ఒక అడుగు దగ్గరికొచ్చింది. ఐదో అడుగుకు బొమ్మ చచ్చిపోయింది.

అక్కడే కూర్చుని కొత్త రబ్బరు వేసి, నడకను ప్లస్ బటన్‌కు మార్చి చేతికిచ్చాను. ఆమె పైకి లెక్కపెడుతూ నొక్కింది. ఇరవై నొక్కులకు ఇరవై అడుగులు. ఒక్కటీ తప్పలేదు. బొటనవేలిని కాసేపు అలాగే చూసుకుంది.

ఇప్పుడు నా షాపులో ఏది బాగుచేసినా ముందు కౌంటర్ మీద పెట్టి, నా చేతులు వెనక్కి తీసుకుని, కస్టమర్‌ను చూడమంటాను. కానీ ఆ రోజు నేను నేర్చుకున్నది అది కాదు. నేర్చుకున్నది ఆమె అడిగిన ప్రశ్న దగ్గర.

"గా దినమే నీకు ఎర్కనా తమ్మీ?"

"ఎర్కనే అక్కా. నలుగుర్ల సిగ్గయి, నేను బిగించిన పుల్ల తప్పును నీ చేతికి అంటగట్టిన. నీ చేతికి ఏం కాలే. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి."