గుడ్లు తాగిన గోడ

బాపట్లలో పుట్టిన రాహేలు 1961లో రేపల్లె కోడలై వచ్చింది. వచ్చిన నెలకే తనకొక సవతి ఉన్నదని తెలుసుకుంది. ఆ సవతి ఊళ్ళోని లూథరన్ గుడి.

మూరెడు మందం గోడలు, వంపు కిటికీలు, మండువేసవిలోనూ లోపల కొత్తకుండ చల్లదనం. మిషనరీ దొరల కాలంలో ఆమె మామగారి తండ్రి, నిజాంపట్నం నుంచి తెచ్చిన నత్తగుల్లలు కాల్చి, ఆ సున్నంతో కట్టిన గుడి. రాహేలు భర్త వరప్రసాదం కూడా సున్నం మేస్త్రే. వానలు వెళ్ళగానే ఆ గోడల గాయాలు మాన్పడం తాతనాటి నుంచి ఆ ఇంటి వంతు.

సున్నంలోకి కరక్కాయ నీళ్ళు, బెల్లం కావాలి. పైపూతకి కోడిగుడ్ల తెల్లసొన కావాలి. బెల్లం రాహేలు ఉట్టిలోంచి వెళ్ళేది. గుడ్లు ఆమె కోళ్ళగంప కిందనుంచి వెళ్ళేవి. పిల్లలకి పచ్చసొన మిగిలేది.

"మళ్ళీ సొన కూరేనా అమ్మా?"

"తెల్లది మీ పెద్దమ్మ తాగిందిరా. మీ నాన్ననడగండి" అనేది.

మధ్యాహ్నం అన్నం పట్టుకెళ్తే వరప్రసాదం పూత మీద గులకరాయితో మెల్లగా రుద్దుతూ ఉండేవాడు. నునుపు తేలిందో లేదోనని చెంప ఆనించి చూసుకునేవాడు. గుమ్మంలో నిలబడ్డ రాహేలు గుండె నీళ్ళు పోసిన సున్నపురాయిలా కుతకుత ఉడికేది. తట్టెడు సున్నానికి తన బెల్లం ఎంత పోయిందో, తన గుడ్లు ఎన్ని పోయాయో, అది ఎన్నాళ్ళు నానిందో, ఏ ఏడాదికా ఏడాది మనసులో రాసుకునేది.

1971 వానలకి బలిపీఠం పక్కన, ఆడవాళ్ళు కూర్చునే వైపు, గోడ చాపంత మేర పెచ్చులూడింది. అప్పటికే నిచ్చెన మీంచి పడ్డ వరప్రసాదం కుడిచెయ్యి కట్టులో ఉంది. తెనాలి నుంచి సిమెంటు మేస్త్రి రాజారత్నాన్ని పిలిపించారు.

"పడగొట్టి స్లాబు వేసుకోండయ్యగారూ. ఈ సున్నం పని ఇప్పుడెవరు చేస్తారండి?" అన్నాడతను.

పాస్టరు సంజీవరావుగారు వరప్రసాదం వైపు తిరిగారు. "సున్నంలో కలిపే పాళ్ళు చెప్పవయ్యా, ఎవరిచేతైనా చేయిద్దాం. క్రిస్మస్ లోపు గోడ బాగైతే సరే. లేకపోతే కొత్త గుడికే సంఘపెద్దలందరూ ఒప్పుకున్నారు."

వరప్రసాదం కట్టులో ఉన్న చేతివైపు చూసుకున్నాడు. "ఎప్పుడూ కొలవలేదండి. చేతికి తెలుసు గాని, చెప్పమంటే రాదు."

గుమ్మంలో ఉన్న రాహేలుకి ఆ పాళ్ళన్నీ తెలుసు. అయినా వెనుదిరిగింది. ఇంటికెళ్ళి మొదటిసారి పిల్లలకి గుడ్లు తెల్లసొనతో సహా ఉడకబెట్టింది. వరప్రసాదం ముట్టలేదు. మూడు రోజులు ఎడమచేత్తో గాలిలోనే సున్నం కలుపుతూ కూర్చున్నాడు.

నాలుగో రోజు రాహేలు సవతి చావు కళ్ళారా చూద్దామని గుడికి వెళ్ళింది. పాస్టరుగారి ముందు రాజారత్నం, గోడలో పస లేదని చూపించడానికి, ఊడిన చోటు పక్కన ఉలి పెట్టి కొడుతున్నాడు. ఉలి జారిపోతోంది.

"ఏం తిని పెరిగిందోనండి ఈ గోడ" అని నవ్వాడు.

పదేళ్ళ తన బెల్లం, తన గుడ్లు, తనకు దక్కని మధ్యాహ్నాలు ఆ తెల్లదనంలోనే ఉన్నాయి. వాటిమీద పరాయి చెయ్యి పడుతుంటే రాహేలుకి ఒళ్ళు మండింది.

"మా పిల్లల నోటికాడి గుడ్లు తిని పెరిగిందన్నయ్యా. ఆ ఉలి తియ్యి" అంది. పాస్టరుగారివైపు తిరిగి, "పాళ్ళు నాకు తెలుసండి. నేనే చేస్తాను" అంది.

"నీకెవరు నేర్పారమ్మా?"

"కడుపుమంటండి."

సున్నం నానింది. మళ్ళీ బెల్లం వెళ్ళింది, గుడ్లు వెళ్ళాయి. గులకరాయి పట్టుకున్న రాహేలు పగ తీర్చుకుంటున్నట్టు రుద్దింది. క్రిస్మస్‌కి ఆ చోట కిటికీ వెలుగు పడి చెరువునీళ్ళలా కదిలింది. పడగొట్టే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

వరప్రసాదం ఎడమ అరచేత్తో పూతంతా తడిమాడు. చెంప ఆనించాడు. "ఈ నునుపు నా చేతికెప్పుడూ రాలేదే" అన్నాడు, గోడతోనే. ఆరాధన సాగినంతసేపూ మగవాళ్ళ వైపు నుంచి దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

మరుసటి ఆదివారం రాహేలు అందరికంటే ముందొచ్చి, సరిగ్గా ఆ పూతకి వీపు ఆనించి కూర్చుంది.

"గోడకి అతుక్కుపోయావేంటి వదినా, ఇటు జరుగు" అంది పక్కింటి సుందరమ్మ.

"నాకిక్కడే బాగుంది."

ఆ చోటు ఆమె ఇంకెవరికీ ఇవ్వలేదు. వరప్రసాదం ఆ గోడని చూడాలంటే ఆమెనే చూడాలి.